ప్రభుత్వ న్యాయవాది ఎవరి న్యాయవాది?

విశాఖపట్నం నుంచి పాడేరు వెళ్ళే బస్సు మా చోడవరం మీదుగానే సాగుతుంది. కోర్టు పనుల మీద మన్యం నుంచి దిగివచ్చే ఆదివాసులను ఆ బస్సుల్లో చూస్తూ పెరిగాను. కోర్టులో వారి తరఫున నిలబడే న్యాయవాదిని ఎవరు ఎంపిక చేస్తారన్నది కూడా కుల ప్రశ్నేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక అడ్వకేట్ జనరల్ ఉంటారు. హైకోర్టు న్యాయమూర్తి కాగల అర్హత ఉన్నవారినే గవర్నర్ నియమించాలి. గవర్నర్ అభీష్టం ఉన్నంతకాలమే ఆ పదవి. ఆచరణలో అది మంత్రివర్గ అభీష్టమే. ప్రభుత్వానికి న్యాయసలహా ఇవ్వడం ఆయన విధి. క్రిమినల్ కేసులు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్లను నియమించేదీ ప్రభుత్వమే. కాబట్టి దెబ్బతిన్న మనిషి తన కేసులో తానే ఒక సాక్షిగా మిగులుతాడు.

నిందితులు ప్రభుత్వానికి చెందినవారే అయితే?

2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని వాకపల్లికి చెందిన 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2017లో సుప్రీంకోర్టు ఆదేశించాక గాని విచారణకు దారి పడలేదు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా ప్రకటించింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. నిందితులూ పోలీసులే, దర్యాప్తు చేసిందీ పోలీసులే. అభియోగాన్ని మోయవలసినవాడు అదే ప్రభుత్వం నియమించే న్యాయవాది.

ఈ వైరుధ్యాన్ని లోపలినుంచి ఎరిగినవారు బొజ్జా తారకం. 1985లో కారంచేడులో దళితులను చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఉద్యమ ఫలితంగా ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు వెలిసింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి అందరినీ విడుదల చేసింది.

ఇక్కడే చట్టంలోని ఖాళీ కనబడుతుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో 4(5) ప్రకారం, బాధితులు కోరితే జిల్లా కలెక్టర్ వారికోసం ఒక సీనియర్ న్యాయవాదిని నియమించవచ్చు. కాని ఆ నియమం మాట్లాడేది ప్రత్యేక కోర్టుల గురించే. అప్పీలు హైకోర్టుకు చేరేసరికి బాధితుల ఎంపికకు చోటు లేదు.

న్యాయవాదికి కులంతో పనేమిటి, ప్రతిభ చాలదా అని అడిగేవారున్నారు. ప్రతిభే కొలమానమైతే ఎంపిక బహిరంగంగా జరగాలి. ప్రభుత్వ న్యాయవాదుల నియామకాలు పారదర్శకంగా ఉండాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ఆ రాష్ట్రమే అడ్వకేట్ జనరల్ కార్యాలయంలో షెడ్యూల్డ్ కులాలవారికి 58 అదనపు పోస్టులు కేటాయించింది. మన రెండు రాష్ట్రాలూ ఆ పని ఎందుకు చేయకూడదు?

చుండూరులో న్యాయమూర్తిని ఊరికి రప్పించగలిగిన ఉద్యమాలు ఇక హైకోర్టు వైపు చూడాలి. అప్పీలులోనూ తమ న్యాయవాదిని ఎంచుకోవడం బాధితుల హక్కు కావాలి. కలెక్టర్ దయగా మిగిలినంతకాలం దాన్ని హక్కు అనలేం.