మొగ్గ చీల్చే వేళ్లు

జూన్‌లో బడి తెరిచినప్పుడు తరగతి నిండుగానే ఉంటుంది. వానలు ముదిరేసరికి గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో పత్తి విత్తనం పండించే ఊళ్లలో బెంచీలు ఖాళీ అవుతాయి. చేలల్లో క్రాసింగ్ మొదలవుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా మొగ్గను గోటితో చీల్చి లోపలి పుప్పొడి తిత్తులు ఒలిచేయాలి. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. పసివేళ్లయితే మొగ్గ నలగదని ఒక మాట చెబుతారు. ఆడపిల్లకు కూలి తక్కువ, ఎదురు మాట్లాడదు. అసలు సంగతి అది.

చదువు విలువ పేదలకు తెలియదనే మాట నేను ఒప్పుకోను. పిల్లల్ని పని మాన్పించి బడికి పంపేందుకు శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా ఊళ్లలో తిరిగినప్పుడు, పిల్లల్ని చదివించాలనే కోరిక కూలీ ఇళ్లలో బలంగా ఉందని తెలుసుకున్నారు. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టారు. పన్నెండేళ్ల పిల్ల ఒకటో తరగతిలో కూర్చోలేదు కదా! అందుకే శిబిరాలు పెట్టి కొన్ని నెలలు చదివించి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఆ ఆలోచనకు చోటు దక్కింది.

కానీ ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగు దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధమన్నారు. అంతకన్నా చిన్నవాళ్లు కూడా బడి వేళలయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబం చేసే పనిలో సాయపడవచ్చన్నారు. పిల్ల దిగింది సొంత చేనులోకా, పక్క చేనులోకా అని ఎవరు చూడొచ్చారు? ఇంటర్ దాకా హక్కు కావాలి, ఊరికి అందేంత దూరంలో హాస్టల్ కావాలి. ఈ రెండూ లేకుండా సమానావకాశాల గురించి మాట్లాడడం నాకు సబబుగా తోచదు.

మొన్న జూన్‌లో ఒక బడి ఆఫీసు గది ముందు ఒక తల్లిని చూశాను. ప్లాస్టిక్ కవరులో ఆధార్ జిరాక్సులు, పక్కన కూతురు. టీసీ లేదని రెండుసార్లు తిప్పి పంపారట. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"మూడు రోజుల కూలి పోయింది సారూ. పోతే పోనీ, ఇది చదవాలె" అంది.

ఆ రోజు ఏడో తరగతి రిజిస్టరులో పిల్ల పేరు ఎక్కేదాకా ఆమె గడప దిగలేదు. వచ్చే ఏడాదికి ఆ పిల్లకు పద్నాలుగు నిండుతాయి.