కార్శి తోట లాంటి కంప్యూటర్

ఈ మధ్య మన సంఘంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒకే మాట పదే పదే వింటున్నాను. "అయ్యగారూ, కంప్యూటర్ పాతదైంది. షాపతను ఇక పనికిరాదన్నాడు. కొత్తది కొనాలె." కావలసింది డిగ్రీ చదివే బిడ్డకు. కిస్తీ కట్టేది బీడీలు చుట్టే తల్లి. ఏ భాగం పాతదైంది, ఏది ఇంకా బాగుంది అని షాపులో ఎవరూ విడదీసి చెప్పరు. అడగాలని ఇంట్లోవాళ్లకూ తెలియదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదేళ్ల కిందటి డెస్క్‌టాప్ సరిగ్గా ఆన్ అవుతూ నెమ్మదిగా మాత్రమే నడుస్తుంటే, దాన్ని పక్కన పడేసి అప్పు చేయడం తొందరపాటు.

శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. దాని కథ వేరు, అది ఒక సామాను మారిస్తే తీరేది కాదు. కానీ ఆ జీతాల మీద, ఆ చెరకు బిల్లుల మీద బతికిన ఇళ్లలో ఈ రోజు ముప్పై, నలభై వేల రూపాయలంటే చిన్న మాట కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

చెరకు పండించిన చేతులకు ఈ లెక్క కొత్తదీ కాదు. మొదటి పంట నరకగానే తోట దున్నేయరు. మోళ్లు నేలమట్టానికి చెక్కి, ఎరువు వేసి, ఖాళీలున్న చోట మొక్కలు నాటి కార్శి తోట తీస్తారు. వేరు ఉంది గనుక విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు మిగులుతాయి. అట్లాగని ఎన్నేళ్లయినా కార్శి తీస్తూ పోరు. దిగుబడి పడిపోయిందంటే దున్నుతారు.

కంప్యూటర్‌కు వేరు మదర్‌బోర్డు, ప్రాసెసర్. ఉత్తరం రాయడానికి, ఆన్‌లైన్ క్లాసు వినడానికి, ఫారాలు నింపడానికి పదేళ్ల కిందటి ఐ3 ప్రాసెసర్ చాలు. అసలు ఆలస్యం హార్డ్ డిస్క్ దగ్గర. దానిలో పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక చిన్న చేయి కదిలి వెతుకుతుంది. ఒక్కో ముక్కను వెతకడానికి సెకనులో నూరో వంతు పడుతుందనుకోండి. ఆన్ చేయగానే వెతకవలసినవి వేలల్లో ఉంటాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది. 240 లేదా 256 జీబీది ఇంటి పనికి సరిపోతుంది.

రెండోది ర్యామ్. 4 జీబీ ఉంటే 8 చేయించండి. డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 పట్టదు, గాడి ఉండే చోటే వేరు. అందుకే పాత ముక్కను చేతిలో పట్టుకుని షాపుకు పోవాలి. మూలనపడ్డ ఇంకో కంప్యూటర్లో సరిపోయే ర్యామ్ ఉంటే తీసి వాడండి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తూ, వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే భయపడకండి. బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. గడియారాలు బాగుచేసే చోట కూడా దొరుకుతుంది.

మానిటర్, కీబోర్డు, మౌస్, క్యాబినెట్ అన్నీ పాతవే ఉంచండి. తీసేసిన హార్డ్ డిస్క్ కూడా బాగానే ఉంటే, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఫొటోలు, సర్టిఫికెట్లు దాచుకోవచ్చు. ఐదు రొట్టెలతో వేలమందిని తృప్తిపరచిన ప్రభువు మిగిలిన ముక్కలను పన్నెండు గంపల్లో ఎత్తించాడు. అంత చేయగలవాడికి ముక్కలతో పనేమిటని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

ఒక్కచోట మాత్రం పొదుపు వద్దంటాను, ఎస్ఎంపీఎస్ దగ్గర. మన ఊళ్లలో కరెంటు ఎట్లా వచ్చి పోతుందో తెలిసిందే. పాత ఎస్ఎంపీఎస్ చప్పుడు చేస్తున్నా, మాడు వాసన వస్తున్నా మార్చేయండి. దాన్ని ఇంట్లో విప్పకండి, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు పైకి పొంగి ఉంటే, బోర్డు డీడీఆర్2 కాలంనాటిదైతే, ఇక అది దున్నేయవలసిన తోటే. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటినా నేను వద్దనే చెబుతాను.

విండోస్ సంగతి కొంచెం చిక్కు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ ఒక్క కారణంతో నడిచే యంత్రాలను తుక్కుకు వేయించడం నాకు న్యాయంగా కనిపించదు. లైనక్స్ మింట్ లాంటిది ఉచితం, తెలుగు టైపింగూ వస్తుంది. మన సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా ఉంది. చదువుకునే బిడ్డకు ఇది చాలు.

కానీ కరపత్రాలు, పెండ్లి కార్డులు చేసే సహోదరులు ఒకటి గమనించాలి. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు విండోస్ కోసం చేసినవి, లైనక్స్‌లో నేరుగా నడవవు. పాత ఫైళ్లు అనూలో ఉన్నవారు ఒక యంత్రంలో విండోస్ అట్లాగే ఉంచి, ఇంటర్నెట్ తీసేసి, ఆ పనికే వాడుకోండి. కొత్తగా రాసేవి యూనికోడ్‌లో రాయండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

షాపుకు వెళ్లేముందు పాత డిస్క్‌లోని ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఏ భాగానికి ఎంతో విడివిడిగా చీటీ మీద రాయించుకోండి. మార్చిన పాత సామానంతా అడిగి ఇంటికి తెచ్చుకోండి, అవి మీవే.