ఆ కుర్చీల్లో మనవాళ్లు కూర్చోవాలి



మన హాస్టల్లో ఏ తమ్ముణ్ణి అడిగినా "కలెక్టరునవుతా", "ఎస్సైనవుతా", "సాఫ్ట్‌వేర్‌కు పోతా" అంటాడు. మంచిదే. కానీ "యూనివర్సిటీ రిజిస్ట్రారునవుతా, వైస్ ఛాన్సలరునవుతా, స్పోర్ట్స్ డైరెక్టరునవుతా" అనేవాడు అరుదు. ఎవరికి స్కాలర్‌షిప్పు, ఏ ఆటగాడికి శిక్షణ, విరాళంగా వచ్చిన రూపాయి దేనికి అన్న విషయాలు చాలావరకు ఆ కుర్చీల దగ్గరే తేలుతాయి. అవి మనవి కావనుకుని వదిలేస్తే, మన పిల్లలు దరఖాస్తు పట్టుకుని వరండాలో నిలబడేవాళ్లుగానే మిగిలిపోతారు.

ఆ కుర్చీ బలం తెలియాలంటే అమెరికాలో ఫాదర్ థియోడర్ హెస్‌బర్గ్ జీవితం చూడాలి. ఆయన ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి 1952లో అధ్యక్షుడై, 1987 వరకు 35 ఏళ్లు నడిపారు. చదువుకంటే ఫుట్‌బాల్‌తోనే ఎక్కువ పేరున్న సంస్థ అది. అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. ఆయన విరాళాలు సేకరించి, 90 లక్షల డాలర్ల మూలనిధిని 35 కోట్ల డాలర్లకు పెంచారు. మూలనిధి అంటే అసలు కదలకుండా, దాని రాబడితో ఏటేటా ఖర్చు నడిపే డబ్బు. 1972లో ఆడపిల్లలకు డిగ్రీ చదువుల తలుపులు తెరిచారు.

మనం గమనించాల్సింది ఇంకొకటి. నోటర్ డేమ్ జట్టు 1925 తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా సీజను చివర జరిగే 'బౌల్' పోటీలకు వెళ్లలేదు. 1969లో ఆ కట్టుబాటు సడలించారు. ఆ ఆటతో వచ్చే డబ్బును నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు వాడాలన్నది అందుకు ఒక ముఖ్య కారణం. మైదానంలో పుట్టిన డబ్బు పేదవాడి తరగతి గదికి చేరిందన్నమాట. పౌరహక్కుల కమిషన్‌లో 1957 నుంచీ సభ్యుడిగా ఉన్న మనిషి కుర్చీలో కూర్చుంటే నిర్ణయాలు అలా ఉంటాయి.

అయితే ఆటల డబ్బుకు ఇంకో ముఖం కూడా ఉంది. అమెరికా కాలేజీ క్రీడల్లో అక్రమాలు పెరిగాక, 1989లో ఏర్పడిన నైట్ కమిషన్‌కు హెస్‌బర్గ్ సహాధ్యక్షుడయ్యారు. 1991లో ఆ కమిషన్ తేల్చిన సంగతి సూటిగా ఉంది: క్రీడల మీద అధికారం విశ్వవిద్యాలయాధ్యక్షుడి చేతిలో ఉండాలి, ఆటగాడి చదువు నిజమైన చదువు కావాలి, డబ్బు లెక్క సక్రమంగా ఉండాలి, ఈ మూడింటినీ బయటివాళ్లు తనిఖీ చేయాలి. కప్పు తెచ్చినరోజు భుజాలకెత్తుకుని, పరీక్ష తప్పినరోజు ముఖం తిప్పుకునే పద్ధతి మన దగ్గరా ఉంది. దాన్ని మార్చాల్సింది కూడా పరిపాలన చేసేవాళ్లే.

మన దేశంలోనూ దారి వేసినవారున్నారు. కేరళలోని ఉళవూరులో పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ మైళ్ల కొద్దీ నడిచి బడికి వెళ్లారు. టాటా స్కాలర్‌షిప్పుతో లండన్‌లో చదివారు. 1979లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్, 1997లో రాష్ట్రపతి అయ్యారు. పట్టుదల ఆయనది. సమయానికి అందిన స్కాలర్‌షిప్పు ఆ పట్టుదలకు ఊతమైంది.

కనుక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. భోజనం, భవనం, మెస్ ఛార్జీలు ప్రభుత్వ బాధ్యత, మన హక్కు. చందాలు వాటికి బదులు కాకూడదు. ప్రభుత్వం ఇవ్వని వాటికే మనం నిధి పెట్టుకోవాలి: ఎంట్రన్స్ ఫీజులు, పోటీలకు వెళ్లే బస్సు ఛార్జీలు, పరుగెత్తే పిల్లవాడికి బూట్లు. ఇచ్చేది నెలకు వంద రూపాయలైనా సరే, ప్రతి పైసా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. లెక్క చూపినవాడినే జనం నమ్మి మళ్లీ ఇస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డిగ్రీతో ఆగవద్దు. పీజీ చేయండి, నెట్ రాయండి, పీహెచ్‌డీ చేయండి. ఆటల్లో ఉన్నవాళ్లు బీపీఈడీ, ఎంపీఈడీ చదివి క్రీడా పరిపాలన వైపు చూడండి. మెస్ కమిటీ లెక్కలు రాయడం, స్పోర్ట్స్ మీట్ నిర్వహించడం చిన్న పనులనుకోవద్దు. పరిపాలనలో మొదటి పాఠాలు అవే. చదువుకుని ఉద్యోగం తెచ్చుకోవడం సగం పనే. మన వెనక వచ్చేవాడికి సీటు చూపగల చోట కూర్చోవడం మిగతా సగం.

జై భీమ్!