బెంగ పడుతూనే స్తుతించవచ్చును



గోదావరి జిల్లాల్లోనైతేనేమి, కడప ప్రాంతంలోనైతేనేమి, గల్ఫ్ దేశాలకు మనిషిని పంపని వీధి ఈనాడు అరుదు. తాపీ పనికి, డ్రైవరు పనికి, ఇంటి పనికి, ముసలివారిని కనిపెట్టుకొని ఉండడానికి మన బిడ్డలు వెళ్తున్నారు. ఆదివారం ఆరాధనలో “పరదేశములలో ఉన్న మా బిడ్డలను కాపాడుము ప్రభువా” అనే మనవి లేని వారం లేదు. అయినా వాళ్ల బెంగ ఎంతటిదో మనకు తెలియదు. ఫోను చేస్తే “బాగానే ఉన్నాను” అంటారు. ఆ “బాగానే” అనే మాట వెనుక ఏముందో ఈ నెల కాసేపు ఆలోచిద్దాము. ఆ బెంగలో ఉండగానే దేవునికి కృతజ్ఞత చెల్లించడం సాధ్యమా అన్నది కూడా ధ్యానిద్దాము.

మేమిద్దరము కువైట్‌లో ఆరేళ్లు ఉండి వచ్చినవాళ్లమే గనుక కొంత తెలిసి వ్రాస్తున్నాము. ఆ దేశంలో నది లేదు. కాలువ గట్టున పుట్టి పెరిగినవాడికి ఇది మొదట అర్థం కాదు. తాగే నీళ్లు సముద్రపు నీటిని ఉప్పు తీసి ఇచ్చేవే. వేసవిలో ఎండ 50 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం పనిదినం. అక్కడ తెల్లవారుజామున ఐదు గంటలైతే మన ఊళ్లో ఏడున్నర. ఆదివారం ఉదయం పనిలోకి దిగే వేళకు, “ఇప్పుడు మన మందిరంలో గంట కొడుతూ ఉంటారు” అనుకుంటే గుండె బరువెక్కేది. ఎండను ఓర్చుకోగలిగాము గాని, ఆ గంట వినబడకపోవడాన్ని ఓర్చుకోవడం కష్టమయ్యేది.

ఇలాంటివారితో “అన్నిటిలో స్తుతించండి” అని చెప్పడం తేలిక. విన్నవారికి మాత్రం అది పుండు మీద కారంలా ఉంటుంది. అందుచేత మొదట ఒక సంగతి తేటగా చెప్పుకోవాలి. థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడు పౌలు ప్రతి పరిస్థితిలోనూ స్తుతించమన్నాడు గాని, ప్రతి పరిస్థితీ మంచిదే అనుకోమని చెప్పలేదు. బెంగ పాపము కాదు, అవిశ్వాసము కాదు. 137వ కీర్తన చదవండి. బబులోను నదుల దగ్గర కూర్చుండి ఏడ్చినవారి ఏడుపును దేవుడు తన గ్రంథములోనే ఉంచాడు. ఆ ఏడుపు తప్పయితే అక్కడ ఉండనిచ్చేవాడా?

యోసేపు సంగతి చూడండి. పదిహేడేళ్ల పిల్లవాడుగా అమ్మబడ్డాడు. ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై ఏళ్లు. ఐగుప్తులో ఇద్దరు కుమారులు పుట్టారు. పెద్దవాడికి మనష్షే అని పేరు పెట్టి, తన కష్టమును, తన తండ్రి ఇంటిని దేవుడు మరపింపజేశాడన్నాడు. రెండవవాడికి ఎఫ్రాయిము అని పేరు పెట్టి, తనకు బాధ కలిగిన దేశములోనే దేవుడు తనను ఫలింపజేశాడన్నాడు. ఈ రెండు పేర్లూ కృతజ్ఞతాస్తుతులే. మరి మరచిపోయాడా? అన్నలు ధాన్యానికి వచ్చినప్పుడు పక్కకు పోయి ఏడ్చాడు. తమ్ముడు బెన్యామీనును చూచి గదిలోనికి పోయి ఏడ్చాడు. తన్ను తాను తెలియజేసుకున్నప్పుడు మొట్టమొదట అడిగిన మాట తండ్రి బ్రదికి ఉన్నాడా అని. నూట పదేళ్ల వయసులో చనిపోతూ తన ఎముకలను ఆ దేశములో ఉంచవద్దని ప్రమాణం చేయించుకున్నాడు. మరచిపోయానని కుమారుడికి పేరు పెట్టినవాడు ఎముకల దాకా మరచిపోలేదు! కృతజ్ఞత, బెంగ ఒకే మనిషిలో, ఒకే ఇంట్లో జీవితాంతం కాపురం చేయగలవని దీనివలన తెలుస్తున్నది. ఒకటి వచ్చేదాకా రెండవది పోవాలని లేదు.

దానియేలును చూడండి. ఆయన మేడగది కిటికీలు యెరూషలేము వైపు తెరచి ఉండేవి. దినమునకు మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థించాడు, స్తుతించాడు అని ఆరవ అధ్యాయం చెబుతున్నది. యువకుడుగా చెరపట్టబడినవాడు అప్పటికి వృద్ధుడయ్యాడు. ఆ కిటికీ వైపున ఉన్న పట్టణములో మందిరము పాడుపడి ఉన్నది. అయినా అటే తిరిగి స్తుతించాడు. ఇంటివైపు కిటికీ మూసుకుంటేనే మనసు నిలుస్తుందని కొందరనుకుంటారు. ఆయన మూయలేదు. ఆ కిటికీ దగ్గరే మోకాళ్లూనాడు. మరొక సంగతి, ప్రాచీన బబులోను శిథిలాలు నేటి ఇరాక్ దేశంలో ఉన్నాయి. కువైట్‌కు ఉత్తరాన ఉన్నది ఆ దేశమే. దానియేలు స్తుతించిన చోటికి మన బిడ్డలు ఎంతో దూరంలో లేరు.

ఇక యిర్మీయా వ్రాసిన ఉత్తరము. చెరలో ఉన్నవారు ఎప్పుడు ఇంటికి పోతామా అని రోజులు లెక్కపెడుతున్నారు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని అందరికీ నచ్చే మాట చెప్పాడు. మనవాళ్లు కూడా “రెండేళ్ల అగ్రిమెంటే గదా” అని బయలుదేరతారు. అప్పు తీరదు. ఇల్లు సగంలో ఆగుతుంది. అమ్మాయి చదువుకో, పెళ్లికో డబ్బు కావాలి. రెండు నాలుగవుతుంది, నాలుగు పది అవుతుంది. యిర్మీయా అయితే డెబ్బది ఏళ్లని నిజం వ్రాశాడు. అంతవరకు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించమన్నాడు. “ఇంటికి వెళ్లాక బ్రతుకుతాను” అని వాయిదా వేసుకున్నవారికి స్తుతించడానికి ఏమీ కనబడదు. ఈ రోజు కూడా దేవుడు ఇచ్చిన రోజే అని ఒప్పుకున్నవారికి ఏదో ఒకటి కనబడుతుంది.

ఆ దేశంలో శుక్రవారపు కూడికలో ఒక సోదరి ఉండేది. లంక గ్రామం నుండి వచ్చింది. ఇద్దరు పిల్లలను తల్లి దగ్గర విడిచి, ఒక ఇంట్లో మంచాన పడిన పెద్దామెకు సేవ చేసేది. సాక్ష్యాల సమయంలో మూడేళ్లు నోరు విప్పలేదు. ఒక శుక్రవారం లేచి నిలబడి ఇలా చెప్పింది: “నిన్న రాత్రి మా అమ్మాయి ఫోనులో నాతో దెబ్బలాడింది. ఇన్నాళ్లూ ఏం చెప్పినా ‘సరే అమ్మా, సరే అమ్మా’ అని పరాయిదానితో మాట్లాడినట్టు మాట్లాడేది. నిన్న మాత్రం నేను కొన్న గౌను బాగోలేదని అలిగి ఫోను పెట్టేసింది. నన్ను తల్లి అనుకుంటోంది. దేవునికి స్తోత్రం.” అంతే చెప్పి కూర్చుంది. ఆ రోజు కూడికలో కన్నీళ్లు రానివారు లేరు. ఆమె బెంగ తగ్గలేదు, బహుశా ఆ రాత్రి మరింత పెరిగి ఉంటుంది. అయినా ఆ అలకలో దేవుని మేలు ఆమెకు కనబడింది. కృతజ్ఞత అంటే ఇదేనని మాకు అప్పుడు అర్థమైంది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకోవడం కాదు, ఉన్నదాన్ని చూడడం.

మరొక మేలును కూడా తలంచుకోవాలి. కువైట్ నగరంలో ఒకే ఆవరణలో అనేక భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన చేసుకుంటాయి. మన తెలుగు పాటలు కూడా అక్కడ వినబడతాయి. ఆ స్థలం ఎలా వచ్చింది? నూరేళ్ల క్రితం అమెరికా నుండి వచ్చిన మిషనరీ వైద్యులు అక్కడ ఆసుపత్రి నడిపారు, సంఘం నాటారు. వాళ్లకు ఇంటి మీద బెంగ లేదనుకోగలమా? మన గోదావరి డెల్టా మాత్రం? విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఇంగ్లండు నుండి భార్యలతో కూడా వచ్చి నరసాపురం ప్రాంతంలో సువార్త పని సాగించారు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణమే నెలల తరబడి. ఇంటి నుండి ఉత్తరం రావడానికీ నెలలే.

మనవాళ్లు కూడా అలా వెళ్లారు. 1860 నవంబరులో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు చెరకు తోటలకు, తేయాకు తోటలకు వేలమంది కూలీలు ఒప్పందం మీద వెళ్లారు. వారిలో తెలుగువారు, తెలుగు క్రైస్తవులు ఉన్నారు. వారిని పరామర్శించడానికి నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని పంపాయి. ఆయన తేయాకు తోటల్లో తెలుగు సంఘాన్ని స్థాపించి, 1915లో మరణించేవరకు పరిచర్య చేశారు. బెంగతో ఉన్నవారి దగ్గరకు మనిషిని పంపడం మన సంఘాలకు కొత్త కాదు. రోమాకు ఖైదీగా పోతున్న పౌలును కలుసుకోవడానికి సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురు వచ్చారు. వాళ్లను చూడగానే ఆయన దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ధైర్యము తెచ్చుకున్నాడు. అంత గొప్ప అపొస్తలుడికి కూడా మనిషి ముఖం చూచాకే ధైర్యం వచ్చింది!

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కృతజ్ఞత అంటే అన్యాయాన్ని నోరు మూసుకొని భరించడం కాదు. కువైట్‌లో ఇంటి పనివారి కొరకు 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పని రోజుకు పన్నెండు గంటలకు మించరాదు. పాసుపోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోరాదు. జీతం ఆగినా, చేయి చేసుకున్నా భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. “దేవుడు పెట్టిన శ్రమ” అని సర్దుకోకూడదు. పౌలు దేవుని స్తుతించినవాడే, రోమా పౌరుడనని తన హక్కు అడిగినవాడు కూడా.

దూరదేశంలో ఉన్న సోదరీ సోదరులారా, మాకు మేలు కలిగించినవి కొన్ని మీతో చెప్తాము. పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మేళ్లను నోట్‌బుక్కులో వ్రాయండి. “దేవుడు మంచివాడు” అని గాక, “ఈ రోజు డ్రైవరన్న నాకు గోంగూర పచ్చడి తెచ్చి ఇచ్చాడు” అని వ్రాయండి. కుళాయిలో తియ్యని నీళ్లు వస్తే అదీ వ్రాయండి. ఏ ఇంట్లో పని చేస్తున్నారో ఆ ఇంటివారి క్షేమం కొరకు పేరు పేరున ప్రార్థించండి. ఏడుపు వస్తే ఏడ్వండి, అయితే దేవుని ఎదుట ఏడ్వండి. శుక్రవారపు కూడిక మానకండి. రాలేనివారికి ఫోనులో ఒక పాట వినిపించండి.

ఇంటి దగ్గర ఉన్నవారికి కూడా ఒక మాట. ఫోను చేసినప్పుడల్లా డబ్బు సంగతే మాట్లాడకండి. గేదె ఈనిందని, కొబ్బరిచెట్టు గెల వేసిందని, పాదిరిగారు ఏం ప్రసంగించారని చెప్పండి. మనకు చిన్నవి, వాళ్లకు అవే అన్నం. పంపిన డబ్బు దేనికి ఖర్చయిందో దాపరికం లేకుండా చెప్పండి. ఎడారిలో ఆమె చెమటోడ్చి పంపినది ఇక్కడ సారా దుకాణానికి పోతుంటే, అక్కడ ఆమె ఏ నోటితో స్తుతిస్తుంది? భర్తలారా, ఈ మాట గమనించండి. పిల్లల చేత వారానికొక వాక్యం ఫోనులో అప్పజెప్పించండి. పిల్లవాడు తల్లి మీద అలిగితే కసరకండి, అలగనివ్వండి.

సంఘాలకు మా మనవి ఇది. కోతపండుగ నాడు గుమ్మడికాయలు, ధాన్యపు బస్తాలు తెచ్చి దేవుని ఎదుట పెడతాము. దూరాన ఉన్నవారి పంట కంటికి కనబడదు. ఈ ఏడు ఆ రోజున వారి పేర్లు ఒక్కొక్కటిగా చదవండి, వారు చూసిన మేళ్లను ముందుగా అడిగి తెలుసుకొని, వారి పక్షముగా సంఘమంతా స్తుతి చెల్లించండి.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, పరదేశములో మా బిడ్డల కన్నీళ్లను నీవు ఎరుగుదువు. వారి కిటికీ ఇంటివైపు తెరచియే ఉండనిమ్ము, ఆ కిటికీ దగ్గరనే నీ మేళ్లను చూచే కన్నులు దయచేయుము. ఇక్కడ ఉన్న మేము వారి శ్రమకు తగినట్టు నడుచుకొనునట్లు మాకు బుద్ధి నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.