అమ్మానాన్నల్ని వంతులేసి తిప్పొద్దు, పనిని పంచుకుందాం

దాళ్వా మాసూళ్లు అయిపోయి, సార్వా నారుమడికి ముందు కాస్త తీరుబడి దొరికే రోజులివి. పంట లెక్కలు చూసుకునే ఈ టైములోనే ఇంటి లెక్క ఒకటి మీ ముందు పెడుతున్నాను. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఇటు గూడెం మొదలు అటు కొల్లేరు లంకల దాకా, అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ఎంత పక్కాగా ఉంటామో మీకు తెలుసు. సెంటు తేడా రాకుండా కొలిపిస్తాం. బోదె ఎవరి వైపు, గట్టు మీద కొబ్బరి చెట్లు ఎవరివి, బోరు నీళ్లు ఎవరికి ఏ రోజు, చేపల చెరువు లీజు డబ్బులు ఎవరికెంత, అన్నీ పెద్దమనుషుల ముందు రాసుకుంటాం. అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో సరిపెడతాం. "నెలకొకళ్లం చూసుకుంటాంలే." అంతే, కాగితం మడిచేస్తాం.

ఈ నెల వంతుల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒంట్లో ఓపికున్న మనిషికి పర్లేదు, మనవల్ని చూసినట్టుంటుంది. కానీ చూపు తగ్గి, మతిమరుపు మొదలైన మనిషిని ముప్పై రోజులకోసారి ఇల్లు మారిస్తే రాత్రిపూట బాత్రూం ఎటుందో కూడా తెలీదు. చీకట్లో తడుముకుంటూ వెళ్లి పడతారు. తుంటి ఎముక విరిగిందంటే ఆ తర్వాత సంగతి నేను చెప్పక్కర్లేదు. మందుల సంచి ఒకరింట్లో, రిపోర్టులు ఇంకొకరింట్లో ఉండిపోతాయి. "ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే, వాడికి లాభం" అని తగువులాడుకున్న అన్నదమ్ముల్ని కూడా చూశానండి. వడ్ల బస్తాలు కాదు కదా, ఈ గోడౌన్ నుంచి ఆ గోడౌన్‌కి మార్చడానికి.

అందుకే నేననేది ఒకటే. మనిషిని ఒకచోట ఉంచండి. పనినీ ఖర్చునూ తిప్పండి.

అసలు పని ఎవరు చేస్తున్నారో కూడా మాట్లాడుకోవాలి. "అమ్మని మేమే చూసుకుంటున్నాం" అని మగాళ్లం సెంటర్లో చెబుతాం. చూసేది ఎవరు? కోడలో, కూతురో, లేకపోతే తనకే అరవై దాటిన భార్యో. మొహం కడిగించడం, గుడ్డలు మార్చడం, జావ తాగించడం, మాత్రలు వేయడం. పూర్తిగా మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగించాలి, లేకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. రాత్రి కూడా అంతే. అంటే ఆ చూసే మనిషికి నిద్ర లేదు. ఊడ్పుల్లో కూలి పోయింది, పుట్టింట్లో పెళ్లికి పోయే వీల్లేదు, తన మోకాళ్ల నొప్పి చూపించుకోడానికి తీరిక లేదు. ఇంటికొచ్చిన చుట్టం "మావగారు ఎలా ఉన్నారు" అని అడుగుతాడే గానీ, "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడగడు.

మన జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్ వెళ్లి ఇళ్లల్లో పని చేస్తున్నారో తెలుసు కదా. అక్కడ ముసలాళ్లకి అన్నం పెడితే, స్నానం చేయిస్తే దానికి జీతం ఉంది. అదే పని ఇంట్లో చేస్తే "అది నీ ధర్మం" అంటాం. ధర్మమే, కాదన్ను. కానీ ధర్మం ఆవిడొక్కదానిదేనా?

గవర్నమెంటు చేసేది లేకపోలేదు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 అయింది. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకి 15,000. ఈ రెండో సంగతి తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి, అలాంటి మనిషి ఉంటే సచివాలయంలో అడగండి. ఈ పింఛన్ల లిస్టులో చూసే మనిషి పేరు మీద మాత్రం ఏమీ లేదు. ఆ లోటు ఇంట్లోవాళ్లమే పూడ్చుకోవాలి.

మా ఇంట్లో ఎలా చేసుకున్నామో చెబుతాను. గొప్పకి కాదు, ఎవరికైనా పనికొస్తుందని. ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. అమ్మ మా ఇంట్లోనే, తనకి అలవాటైన గదిలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ప్రతి నెలా ఐదో తారీఖులోపు డబ్బు వేస్తాడు. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్లడం, మందులు తేవడం అన్నయ్య పని. పంటకోసారి చెల్లెలు వచ్చి పదిహేను రోజులుంటుంది, అప్పుడు మా ఆవిడ పుట్టింటికి వెళ్తుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి అమ్మ పని మొత్తం నాదే. మగాడికి రాని పనేం కాదండీ. ఈనిన గేదెకి అన్నీ చేసే చెయ్యి కన్నతల్లికి ఒళ్లు తుడవలేదా?

"తల్లిదండ్రుల సేవకి కూడా కాగితాలా" అని కొందరు నొచ్చుకుంటారు. పొలం పంచుకున్నప్పుడూ అన్నదమ్ములమే కదా, అయినా రాసుకున్నాం. రాయని పనంతా చివరికి ఒక్క మనిషి నెత్తిన పడుతుంది.

పెద్దవాళ్లకి కూడా ఒక మాట. పిల్లలకి పొలం రాసిచ్చేటప్పుడు "మమ్మల్ని పోషించాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. షరతు తప్పితే ఆ రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లికి సుప్రీంకోర్టు అలాగే ఆస్తి వెనక్కి ఇప్పించింది. 2022లో ఇంకో తల్లి కేసులో అలాంటి షరతు లేదని ఆవిడ ఓడిపోయింది. ఒక్క వాక్యం తేడా అండీ. అర్జీ ఆర్డీవో గారి ట్రిబ్యునల్లో పెట్టుకోవచ్చు. ఎటు వెళ్లాలో తెలియకపోతే పెద్దవాళ్ల కోసం 14567 అనే ఫ్రీ నంబరు ఉంది.

పిల్లలు లేనివాళ్లు, ఉన్న ఒక్కడూ దూరంగా ఉన్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. కేరళలో మలప్పురం వైపు మంచం పట్టినవాళ్ల ఇంటికి నర్సుతోపాటు ఊళ్లోవాళ్లే వంతుల ప్రకారం వెళ్తారు. వారానికి రెండు గంటలు ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఆ ఇంటి ఆడమనిషి కాసేపు కళ్లు మూసుకుంటుంది. రచ్చబండ దగ్గర మనం రోజూ పారేసుకునే టైమే అది. డ్వాక్రా గ్రూపుల్ని నిలబెట్టుకున్న ఊళ్లకి ఇదేమీ కొత్త కాదు.

సార్వా పనులు మొదలైతే ఎవరికీ కుదరదు. ఈలోపే అందరూ ఒకసారి కూర్చోండి. డబ్బు ఎవరిది, ఆస్పత్రి ఎవరిది, రాత్రి కాపలా ఎవరిది, చూసే మనిషికి సెలవు ఎప్పుడు, ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. మొదలుపెట్టే ముందు ఆ పని ఇప్పుడు చేస్తున్న మనిషిని అడగండి, నీకేం కావాలని. ఆవిడ చెప్పిందే మొదటి లైనుగా రాయండి.