ధైర్యం చెబితే చాలదు

పరీక్ష రోజున కడుపునొప్పి వచ్చే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకరైనా ఉంటారు. మీ తరగతిలో ఆ ఒక్కరు మీరే కావచ్చు. అలాంటివాణ్ణి చూసి తోటి పిల్లలు "నాటకం" అంటారు. మా వంటి ఉపాధ్యాయులు "ధైర్యంగా ఉండు" అంటారు. పాతికేళ్లకు పైగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను ఈ మాట ఎన్ని వందల సార్లు అని ఉంటానో లెక్క లేదు. ఈ మాట ఎందుకు పనిచేయదో తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది. ఆ సంగతే ఇప్పుడు మీతో చెప్పదలచుకున్నాను.

మా ఎల్లంతకుంట వైపు పల్లె నుంచి బడికి వచ్చే అబ్బాయి ఒకడు ఉండేవాడు. తొమ్మిదో తరగతి. లెక్కల పరీక్ష ఉన్న రోజున రెండో పీరియడుకల్లా నా దగ్గరకు వచ్చి "కడుపు నొస్తున్నది సార్" అనేవాడు. ముఖమంతా చెమటలు. నేను భుజం తట్టి "ఏం గాదురా, ధైర్యంగుండు" అని ఇంటికి పంపేవాణ్ణి. మధ్యాహ్నానికి నొప్పి మాయం! సాయంత్రం నేను ఇంటికి వెళ్లే దారిలో వాడు ఆడుకుంటూ కనిపించేవాడు. మూడోసారి నాకూ అనుమానం వచ్చింది. అందరి ముందూ నాలుగు మాటలన్నాను. ఆ తర్వాత వాడు కడుపునొప్పి అని చెప్పడం మానేశాడు. పరీక్ష రోజుల్లో బడికి రావడమే మానేశాడు!

వాడి నొప్పి అబద్ధమా? కాదు. సైన్సు చెప్పేవాణ్ణి అయి ఉండి నేనే ఆ మాట ముందుగా గుర్తించవలసింది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ భయం, కోపం, నొప్పి, ఆకలి శరీరంలో తెచ్చే మార్పుల గురించి 1915లోనే ఒక పుస్తకం రాశాడు. భయం కలిగినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. జీర్ణకోశానికి వెళ్లవలసిన రక్తం కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది. ఎందుకు? ఎదురుగా ఉన్నది పిచ్చికుక్క అయితే పారిపోవాలి, లేదా కర్ర అందుకోవాలి. ఎదురుగా ఉన్నది ప్రశ్నాపత్రం అయితే ఈ రెండూ కుదరవు. కాని ఆ తేడా శరీరానికి తెలియదు. అది తన పని తాను చేసుకుపోతుంది. కడుపులో తిప్పుతుంది, మెలిపెడుతుంది. నొప్పి అక్షరాలా నిజం.

మరి ఇంటికి పోగానే ఎందుకు తగ్గింది? పరీక్ష తప్పింది గనుక భయం తగ్గింది, భయంతోపాటు నొప్పీ తగ్గింది. మెదడు ఇక్కడ ఒక పాఠం నేర్చుకుంటుంది. "తప్పించుకుంటే హాయిగా ఉంటుంది" అన్నదే ఆ పాఠం. మరుసటిసారి ఇంకా తొందరగా తప్పించుకోమంటుంది. కుక్కకు భయపడి ఒక వీధిలో నడవడం మానేసినవాణ్ణి చూడండి. వాడికి ఆ రోజు గండం గడుస్తుంది. కాని ఆ కుక్క నిజంగా కరుస్తుందో లేదో వాడికి ఎన్నటికీ తెలియదు. ఏడాది గడిచేసరికి కుక్క ఎక్కడికో పోయి ఉంటుంది, భయం మాత్రం ఆ వీధిలోనే కాపురం ఉంటుంది.

ఇటువంటి అలవాట్లు మనందరికీ ఉంటాయి. దిగులు కలిగితే ఒకరు ముసుగు తన్ని పడుకుంటారు. ఒకరు సెల్‌ఫోను పట్టుకుంటే వదలరు. ఒకరు చెల్లెలి మీద అరుస్తారు. ఒకరు అన్నిటినీ నవ్వులాటగా మార్చేస్తారు. పెద్దలలో కొందరు సీసా పట్టుకుంటారు. ఇవన్నీ ఆ పూటకు పనిచేస్తాయి. పనిచేస్తాయి గనుకనే అలవాట్లుగా మారతాయి. కష్టాన్ని ఎదుర్కొనే తీరులో రెండు రకాలున్నాయని లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో వివరించారు. సమస్యను మార్చడానికి పూనుకోవడం ఒకటి, మనసులోని బాధను తగ్గించుకోవడం రెండోది. రెండూ అవసరమే. ఎప్పుడూ రెండోదానితోనే సరిపెట్టుకుంటే సమస్య ఉన్నచోటనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలిసిన డాక్టరు ఒకరు చెప్పగా ఆ అబ్బాయిని వాళ్ల అమ్మతోపాటు ఒక కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్లాను. లోపల ఏం జరిగిందో ఆమె నాకు చెప్పలేదు. నేను అడిగినా చెప్పేవారు కాదు. కొన్ని నెలల తర్వాత ఆ అబ్బాయే చెప్పాడు. పేరు చెప్పకుండా రాయవచ్చు అన్నాడు గనుక రాస్తున్నాను.

ఆమె వాడికి ధైర్యం చెప్పలేదు, నీతులూ చెప్పలేదు. ప్రశ్నలు అడిగారు. నొప్పి ఎప్పుడు మొదలవుతుంది? దానికి ముందు ఏం జరిగింది? అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది? తర్వాత ఏం చేశావు? చేశాక ఎలా ఉంది? వాడు చెప్పినవన్నీ ఒక కాగితం మీద వాడి చేతనే రాయించారు. మన ప్రయోగశాలలో పరిశీలనలు పట్టికలో రాస్తాం కదా, సరిగ్గా అలాగే!

రెండో రోజున పట్టికలో ఒక విచిత్రం బయటపడింది. నొప్పి లెక్కల పరీక్ష నాడు మాత్రమే రావడం లేదు, శుక్రవారం కూడా వస్తున్నది. శుక్రవారం ఏమిటి? వాడి బాపు గల్ఫులో పనిచేస్తాడు. అక్కడ శుక్రవారం సెలవు గనుక ఆ రోజే ఫోను చేస్తాడు. చేయగానే అడిగే మొదటి మాట మార్కుల గురించే. అప్పు చేసి దేశం పోయిన మనిషి. "నువ్వు చదువుకుంటేనే నా కష్టానికి ఫలితం" అని ఎప్పుడో ఒకసారి అన్నాడట. ఆ మాట వీడి మనసులో నాటుకుపోయింది. వాడికి లెక్కలంటే భయం కాదు. మార్కులు తగ్గితే బాపు కష్టమంతా తన వల్లనే మట్టిపాలైనట్లని వాడి బాధ. నేనేమో "లెక్కలకు భయపడకురా" అని ధైర్యం చెబుతూ వచ్చాను! రోగం ఒకటి, మందు ఒకటి.

"నీది భయం కాదేమో, తప్పు చేశానన్న బాధేమో చూడు" అని ఆమె అడగగానే ఏడుపు వచ్చిందనీ, ఏడ్చాక ఒళ్లు తేలికైనట్లనిపించిందనీ వాడు చెప్పాడు. ఒక భావానికి సరైన పేరు పెట్టడం వల్ల ఇంత మార్పు వస్తుందా? కాలిఫోర్నియాలో లీబర్‌మన్, ఆయన బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపిస్తూ చూసేవారి మెదడును స్కానింగు చేశారు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం అపాయాన్ని పసిగట్టే పనిలో ముఖ్యమైనది. ఆ ముఖంలో కనిపించే భావానికి తగిన పేరును ఎంచుకున్నప్పుడు అమిగ్డలా చురుకుదనం తగ్గింది, నుదుటి వెనుక భాగంలో ఒకచోట చురుకుదనం పెరిగింది. పేరు పెట్టడం కూడా మెదడు చేసే ఒక పనేనన్నమాట.

ఆ తర్వాతి మెట్లు చిన్నవి. వచ్చే పరీక్షలో పది నిమిషాలు కూర్చో, నొప్పి వచ్చినా లేవకు అన్నారు. శుక్రవారం ఫోనులో బాపుకు చెప్పవలసిన మాటను ముందే కాగితం మీద రాసుకోమన్నారు. వాడు చెప్పాడు. అవతల బాపు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "నువ్వు మంచిగుంటే చాలు బిడ్డా" అన్నాడట. వాడి మార్కులు అమాంతం పెరిగాయని చెప్పను, పెరగలేదు. పరీక్ష రోజు కడుపులో తిప్పడం ఇంకా ఉంది. కాని వాడు కూర్చుని రాస్తున్నాడు.

దీన్నే కౌన్సెలింగ్ అంటారు. సలహాలు గుప్పించడం కన్నా, ఎదుటి మనిషి చెప్పేది తప్పొప్పులు ఎంచకుండా వినడం ముఖ్యమని కార్ల్ రోజర్స్ 1942లో పుస్తకం రాసి చెప్పాడు. ఇది పిచ్చికి వైద్యం కాదు. పిరికివాళ్ల కోసం పెట్టిందీ కాదు.

మా సిరిసిల్ల ప్రాంతం వాళ్లకు ఒక పోలిక చెబితే ఇది బాగా అర్థమవుతుంది. మేము మరమగ్గాన్ని సాంచ అంటాం. నేసేటప్పుడు పేక తెగితే సాంచ తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. పడుగులో ఒక పోగు తెగితే మాత్రం చాలా పాత సాంచాలు ఆగవు. నేస్తూనే పోతాయి. ఎవరైనా దగ్గరకు వచ్చి బట్టను చూసేదాకా ఆ లోపం గజాల కొద్దీ సాగిపోతుంది. మనుషుల బాధలూ అంతే. ఏడ్చేవాణ్ణి అందరూ చూస్తారు. పైకి మామూలుగా నడుస్తున్నవాడి లోపల తెగిన పోగు ఎవరికీ కనిపించదు.

ఈ సాంచాల ఊరిలోనే 2000 తర్వాతి సంవత్సరాలలో పని లేక, అప్పులు తీరక ఎంతోమంది నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. కనుక మీరొక ప్రశ్న అడగవచ్చు. "కౌన్సెలింగ్ అప్పు తీరుస్తుందా సార్?" తీర్చదు. ఆకలికి అన్నమే పెట్టాలి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు ఎన్నో సాంచాలకు పని దొరికింది, అటువంటి పని ఎంతో అవసరం. పని ఇవ్వకుండా మాటలతో సరిపెట్టేవారిని నేను సమర్థించను. కాని అప్పు ఉన్న మనిషికి "ఇక దారే లేదు" అని తోస్తుంది చూడండి, ఆ తోచడం అప్పు కన్నా వేరైనది. మనసు కుంగినప్పుడు ఉన్న దారులు కూడా కనిపించవు. వాటిని చూడడానికి తోడుగా ఒక మనిషి కావాలి.

"పెద్దవాళ్లు లేరా, స్నేహితులు లేరా?" అన్నది ఇంకో ప్రశ్న. ఉన్నారు, వాళ్ల ప్రేమకు సాటి లేదు. కాని ప్రేమ ఉన్నవాళ్లు తొందరపడి ధైర్యం చెబుతారు, లేదా తిడతారు. నేను చేసింది అదే కదా! వినడం కూడా ఒక విద్య, నేర్చుకుంటేనే వస్తుంది. అందుకు పెద్ద డాక్టర్లే అక్కరలేదు. గోవాలో మానసిక వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నవారితో మాట్లాడించారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారి కన్నా వీరు బాగా కోలుకున్నట్లు 2017లో ఫలితాలు వచ్చాయి.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. ఆ లెక్కన 300 మంది చదివే ఉన్నత పాఠశాలలో ఇరవై మందికి పైగా ఉంటారు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అటువంటి చావుకు ఒక్క మార్కుల కాగితమే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని ఆ పిల్లలను ముందుగా కూర్చోబెట్టి "ఏమైంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగిన మనిషి ఎంతమందికి దొరికి ఉంటాడు? అందుకే నా అభిప్రాయం ఇది. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయునికైనా ఈ శిక్షణ ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోక, వారానికి కొన్ని పీరియడ్లు ఆ పనికే వదలాలి. ఆటలకు పీరియడు ఉన్నప్పుడు దీనికెందుకు ఉండకూడదు?

అది వచ్చేలోగా మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఒక వారం పాటు నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఒంట్లో ఎలా ఉంది, ఏం చేశాను అని రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు. మీ అలవాటు మీకే కనిపిస్తుంది.

అది ఒంటరిగా మోయలేనంత బరువు అనిపిస్తే మోయకండి. నమ్మకమున్న పెద్దలకు చెప్పండి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. కౌన్సెలర్ మీ మాటలు రహస్యంగా ఉంచుతారు. మీ ప్రాణానికి అపాయం ఉన్నా, ఎవరైనా మిమ్మల్ని హింసిస్తున్నా మాత్రం మిమ్మల్ని కాపాడడం కోసం తగినవారికి చెబుతారు. మీరూ అంతే చేయాలి. "నాకు బతకాలని లేదు, ఎవరికీ చెప్పకు" అని స్నేహితుడు అంటే, ఆ రహస్యం దాచకండి. వాణ్ణి ఒంటరిగా వదలకండి. వెంటనే ఒక పెద్ద మనిషికి చెప్పండి. వాడు మీ మీద కోపగించుకున్నా ఫరవాలేదు, వాడు ఉంటే చాలు.

ఇప్పుడు పరీక్ష రోజున ఎవరైనా వచ్చి "కడుపు నొస్తున్నది సార్" అంటే నేను ధైర్యం చెప్పను. పక్కన కూర్చోబెట్టుకుని "ఎప్పటినుంచిరా?" అని అడుగుతాను. అడిగి, నోరు మూసుకుని కూర్చుంటాను. ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటున్న పాఠం ఇది. కొంచెం కష్టంగానే ఉంది.