ఒడి కన్నా సీటు భద్రం



గత నెల మా మనుమరాలిని ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చే రోజున, అల్లుడు కారు వెనుక సీటులో పసిపిల్లల సీటు బిగించాడు. "నా ఒడి ఉండగా ఇదెందుకు?" అని మా ఇల్లాలు నొచ్చుకున్నది. నా మనసూ ఆమె పక్షమే వహించింది. అల్లుడు మృదువుగా చెప్పాడు: కారు హఠాత్తుగా ఢీకొంటే బిడ్డ అనేక రెట్ల బలంతో ముందుకు విసరబడుతుంది, ఎంత ప్రేమగల చేతులైనా ఆపలేవు.

సీటు ఎంచుకొనేవారు ఇవి గమనించాలి. శిశువు తల బరువైనది, మెడ లేతది. కనుక బిడ్డ ముఖం కారు వెనుకవైపుకు తిరిగి ఉండే సీటే కావాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటుపై దానిని ఎన్నడూ అమర్చరాదు. మన దేశపు ఏఐఎస్ 072 గానీ, ఐక్యరాజ్యసమితి ఆర్ 129 గానీ ప్రమాణ ముద్ర ఉన్నదేమో చూడండి. మీ కారులో గట్టిగా అమరుతుందో లేదో కొనకముందే పరీక్షించండి. పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులోనో, కాస్త దిగువనో ఉండాలి. దుప్పటిని పట్టీలు బిగించాక పైన కప్పాలి. ప్రమాదానికి గురైన పాత సీటు చవకగా దొరికినా వద్దు.

దుఆ చేసి బయలుదేరుతాం. పట్టీ బిగించడం దానికి విరుద్ధం కాదు. బిడ్డ మన చేతిలోని అమానత్. ఇప్పుడు నానీ పాప ప్రక్కనే కూర్చొని, తన వేలు అందించి వస్తున్నది.